ముందు ఆ వంకాయ సంగతి అడగండి

ప్రశ్న

మేడమ్, నాకు 54 ఏళ్ళు. ఉండేది రాజమండ్రిలో. పోయిన కార్తీకమాసంలో ఎడమ రొమ్ములో కాన్సర్ అన్నారు. విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంట్లో ఉండి ఆపరేషన్, 16 కీమోలు, 15 రోజుల రేడియేషన్ చేయించుకున్నాను. చంకలో గ్రంథులు కూడా తీశారు. షుగరుంది. వైద్యం అయి మూడు నెలలైంది, ఇప్పుడు రోజుకో మాత్ర. వేలికొనలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. మాకు మిద్దెతోట ఉంది, 90 కుండీలు, తొమ్మిదేళ్ళ నుంచి పెంచుకుంటున్నాను. నేను లేని ఎనిమిది నెలలూ మా తోటల గ్రూపులో నలుగురు వంతులేసుకుని వచ్చి నీళ్ళు పోశారు, కోసిన కూరలు వండి మా వారికి పెట్టారు కూడా. అంత చేస్తే నేను ఊరొచ్చాక ఒక్కసారి కూడా డాబా ఎక్కలేదు. వాళ్ళు ఫోన్ చేస్తే పడుకున్నానని చెప్పిస్తున్నాను. మా వారు మట్టి ముట్టుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుందంటారు. నలుగురిలో ఒకావిడ రోజూ లక్ష్మణఫలం ఆకు కషాయం తాగమని పోరు, ఆకులు కూడా పంపిస్తోంది. కాదంటే బాధపడుతుంది. నలుగురికీ వెండి కుంకుమ భరిణెలు కొని రుణం తీర్చుకుందామనుకుంటున్నాను, అయినా మనసు తేలిక పడటం లేదు. సంక్రాంతికి ఉంటానో లేనో, ఇప్పుడు విత్తనం ఎందుకు అనిపిస్తోంది. (ఇంకో చిన్న విషయం. మా అమ్మ లంక ఊరి నుంచి తెచ్చిచ్చిన ముళ్ళ వంకాయ మొక్కలు పిండినల్లి పట్టిందని తొలకరికి పీకేసి అక్కడ చెర్రీ టమాటా వేశారట. అమ్మ లేదు, ఆ విత్తనమూ లేదు. పోనీలెండి, అంత చేసినవాళ్ళని ఏమంటాం.)

జవాబు

మీ ఉత్తరం మొదటిసారి చదివి ఇది రుణం గురించి అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఆ బ్రాకెట్ల దగ్గర ఆగిపోయాను. మన ఆడవాళ్ళకి ఇదో అలవాటు, అసలు బాధని చివర్లో పెట్టి, దానికి ముందు 'చిన్న విషయం' అని తగిలించి, వెనక 'పోనీలెండి' అని మూత పెట్టేస్తాం. మీరు డాబా ఎక్కకపోవడానికి నీరసం ఒక కారణం కావచ్చు, మీ వారి భయం ఒక కారణం కావచ్చు, కానీ పైకి ఎక్కితే ముందు కంటపడేది ఆ చెర్రీ టమాటాయే కదా! అది చూస్తే ఏడుపొస్తుంది, పక్కన వాళ్ళుంటే ఏడవలేరు, ఏడిస్తే ఎందుకో చెప్పలేరు. అందుకే పడుకున్నానని చెప్పిస్తున్నారు.

ఒక మాట సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఎనిమిది నెలలు మీ తోటని బతికించినవాళ్ళ మీద మీకు కోపం వచ్చింది. రావచ్చు. వాళ్ళు చేసింది కొండంత, దాని మీద కృతజ్ఞత ఉంది, అమ్మ వంకాయ పోయిందని కోపమూ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎవరన్నారు? ఆ కోపాన్ని చెప్పలేక మీరు రుణం అనే పేరు పెట్టుకుని లెక్కలు వేసుకుంటున్నారు. వెండి భరిణెలు కొని చేతిలో పెడితే లెక్క సరిపోతుంది, తర్వాత వాళ్ళని తప్పించుకు తిరిగినా తప్పులేదు అని లోపల ఎక్కడో ఉందేమో, ఒకసారి చూసుకోండి.

నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు మొక్కలు రావు, తులసి కూడా నా చేతిలో నిలవదు. నాది స్టాంపుల పిచ్చి. 2012లో నాకు వెన్నెముకలో టీబీ వచ్చింది. ఒక డాక్టరు అయిదు నెలలపాటు మామూలు నడుంనొప్పే అని నొప్పిమాత్రలు ఇస్తూ పోయాడు, అసలు సంగతి స్కానింగ్‌లో తేలేసరికి ఒక పూస సగం తినేసింది. మూడు నెలలు వెల్లకిలా మంచం మీద, ఆ తర్వాత నడుముకి బెల్టు, మొత్తం ఏడాదిన్నర మందులు. చుట్టాలొచ్చేవాళ్ళు, హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని నా మొహం చూసి నిట్టూర్చేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక నా జబ్బు ఇంకాస్త పెరిగినట్టుండేది.

ఆదివారాలు మాత్రం స్టాంపులవాళ్ళు వచ్చేవాళ్ళు. మా జట్టులో నేనొక్కదాన్నే ఆడదాన్ని, తక్కినవాళ్ళు బ్యాంకులో, రైల్వేలో, బడిలో చేసి రిటైరైన పెద్దవాళ్ళు, ఓదార్చడం అసలు చేతకాని మనుషులు. అందులో ఒకాయన వచ్చీ రాగానే మా వంటింట్లోకి వెళ్ళి స్టీలు పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టేవాడు. పాత కవర్ల నుంచి కత్తిరించిన ముక్కలు అందులో వేసేవాడు. పావుగంటకి జిగురు కరిగి, కాగితం ఒకవైపు, స్టాంపు ఒకవైపు విడిపోయేవి. ఆయన పట్టకారుతో ఒక్కొక్కటే తీసి నా పొట్ట మీద పరిచిన పాత పేపరు మీద బోర్లా పెట్టేవాడు. ఆరేదాకా కదలకుండా ఉండటమే నా పని! కదల్లేని మనిషికి కదలకూడని పని ఇవ్వాలని ఆయన ఆలోచించి ఇచ్చాడో, ఇంట్లో ఇంకెక్కడా ఖాళీ లేక ఇచ్చాడో ఇప్పటికీ తెలీదు.

1948లో గాంధీగారి బొమ్మతో నాలుగు స్టాంపులు వచ్చాయి. ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. పది రూపాయలది మాలాంటివాళ్ళకు అందేది కాదు, దాన్ని వదిలెయ్యండి. పన్నెండణాలది నా దగ్గర లేదు, ఆయన దగ్గర రెండున్నాయి. ఒకసారి జ్వరంలో సిగ్గు విడిచి అడిగేశాను, ఒకటి నాకిచ్చెయ్యండి అని. "జబ్బు చేసిందని ఇచ్చే వస్తువు కాదిది. లేచి మా ఇంటికి రా, నీ దగ్గరున్నవి చూపించు, మార్చుకుందాం" అన్నాడు. ఆ రాత్రంతా ఆయన్ని తిట్టుకున్నాను. పద్నాలుగు నెలల తర్వాత ఆటో దిగి, బెల్టు బిగించుకుని, వాళ్ళింటి మెట్లెక్కి, నిజాం కాలపు చార్మినార్ బొమ్మ స్టాంపులు రెండిచ్చి అది తెచ్చుకున్నాను. గట్టిగా బేరమాడాడు కూడా.

మీవాళ్ళూ అలాంటివాళ్ళే. ఎనిమిది నెలలు మీ డాబా ఎక్కింది మీరు పేషెంటని జాలిపడే కాదు, 90 కుండీలు ఎండలో మాడిపోతుంటే చూస్తూ ఊరుకోలేని జాతి అది. పిండినల్లి పట్టిన వంగ మొక్కని పీకేసిన చెయ్యీ అదే చెయ్యి. మీరైనా ఇంకొకరి తోటలో తెల్లగా దూదిలా అంటుకున్న ఆ పురుగుని చూస్తే పక్క కుండీలకు పాకకముందే పీకేసేవారా కాదా? అది అమ్మ ఇచ్చిన విత్తనమని కుండీ మీద రాసి లేదుగా. పీకేసినావిడకి తెలీదు. మీరు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పకపోతే ఆవిడ అలా తెలియకుండానే మీ దగ్గర శత్రువైపోతుంది, పాపం.

కాబట్టి చెప్పండి. నలుగురి ముందూ కాదు, గ్రూపులో కాదు, ఆవిడ ఒక్కదానికే ఫోన్ చేసి. "నువ్వు పీకేసినవాటిలో మా అమ్మ వంకాయ ఉంది, నాకు చాలా బాధగా ఉంది, నీ తప్పు లేదని తెలుసు, అయినా బాధగా ఉంది" అంటే చాలు. ఆవిడ అయ్యయ్యో అంటుంది, ఏడుస్తుంది, మీరూ ఏడుస్తారు, పది నిమిషాల పని. ఆ తర్వాత ఏం చెయ్యాలో చివర్లో చెబుతాను.

ఇక మీ వారి భయం. కొట్టిపారెయ్యకండి, అందులో సగం నిజముంది. నేను డాక్టరుని కాను, ఇది రాసేముందు కాన్సర్ వైద్యం చేసే నా స్నేహితురాలిని అడిగి రాస్తున్నాను, మీ డాక్టరు మాటే ఆఖరు మాట. కీమో జరుగుతున్నప్పుడు తెల్లకణాలు పడిపోతాయి, అప్పుడు మట్టికి దూరంగా ఉండమనడం సబబే. చివరి కీమో అయ్యాక చాలామందికి కొన్ని వారాల్లో అవి మళ్ళీ పెరుగుతాయి. మీకు పెరిగాయో లేదో ఊహించుకోనక్కర్లేదు, ఒక రక్తపరీక్ష చాలు. వచ్చే చెకప్‌కి మీ వారిని లోపలికి తీసుకెళ్ళి డాక్టరుగారిని ఆయన చేతే అడిగించండి: కౌంట్లు బాగున్నాయా, మట్టిపని చెయ్యొచ్చా, టెటనస్ ఇంజక్షన్ ఏమైనా కావాలా అని. మీరు వచ్చి చెప్పిన జవాబు ఆయన నమ్మరు, ఆయన చెవిన పడితేనే నమ్ముతారు. మగవాళ్ళ సంగతి తెలిసిందే.

డాక్టరు సరేనన్నాక కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. పొడి కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మొహం దగ్గర పెట్టుకుని సంచి విప్పి దులపడం మానెయ్యండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కుండీ మట్టి సంచుల మీదే హెచ్చరిక అచ్చువేస్తారు, మాస్కు పెట్టుకోండి, గ్లోవ్స్ వేసుకోండి, మట్టిని తడిపి కలపండి అని. ఆ దుమ్ములో లీజియోనెల్లా జాతి బాక్టీరియా ఉండొచ్చు, పీలిస్తే న్యుమోనియా తెస్తుంది. కంపోస్టులో బూజు కూడా ఉంటుంది. మీకు షుగరుంది కాబట్టి ఇంకోటి, మన తీరప్రాంతం మట్టిలో, ముఖ్యంగా వానాకాలంలో, మెలియాయిడోసిస్ అనే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ తెచ్చే సూక్ష్మజీవి కనబడుతోంది, అది షుగరున్నవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకని వాన నీళ్ళు నిలిచిన చోట వట్టి కాళ్ళతో తిరగొద్దు, చేతికి గాయం ఉన్నరోజు మట్టి వద్దు. జీవామృతం కలిపే పని కొంతకాలం మీది కాదు. ఈ దుమ్ము పనులు, పేడ పనులు అన్నీ మీ వారికి అప్పజెప్పండి. వద్దు వద్దు అంటూ మెట్ల దగ్గర నిలబడి బెంగపడే మనిషి చేతికి ఒక మాస్కు, ఒక పార ఇస్తే ఆయన బెంగ కూడా సగం తగ్గుతుంది. ఆ ఎనిమిది నెలలు ఒంటరిగా ఆ ఇంట్లో ఆయన ఎలా ఉన్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, గమనించారా?

ఎడమ చెయ్యి సంగతికి వస్తాను. గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ చేత్తో ఏ పనీ చెయ్యకూడదని మీకు పదిమంది చెప్పే ఉంటారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనేవాళ్ళు. 1996లో కెనడాలో, వాంకూవర్‌లో, డాన్ మెకెంజీ అనే క్రీడావైద్య నిపుణుడికి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. రొమ్ము కాన్సర్ వైద్యం చేయించుకున్న 24 మంది ఆడవాళ్ళని పోగుచేసి, కొన్నాళ్ళు కసరత్తు చేయించి, డ్రాగన్ బోటు ఎక్కించాడు. మన కేరళ పడవపందేల్లోలా వరసగా కూర్చుని తెడ్డు వేసే పొడుగాటి పడవ అది, భుజాలు పడిపోయేంత పని. సీజన్ అయ్యేసరికి వాళ్ళలో ఒక్కరికి కూడా కొత్తగా చెయ్యి వాయలేదు. ఆ ఏడాదికి ఆపేద్దామనుకున్నది కాస్తా ఆగలేదు, ఇవాళ చాలా దేశాల్లో అలాంటి జట్లున్నాయి. వాళ్ళు కలిసేది ఒడ్డున కూర్చుని జబ్బు గురించి మాట్లాడుకోవడానికి కాదు, నీళ్ళలో తెడ్డు వెయ్యడానికి, అది నాకు భలే నచ్చింది.

అంటే రేపు పొద్దున్నే 20 లీటర్ల బకెట్ ఎడమచేత్తో ఎత్తెయ్యమని కాదు. వాళ్ళూ మెల్లగా పెంచుకుంటూ పోయారు. ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పిన వ్యాయామాలతో మొదలుపెట్టి, మగ్గుతో నీళ్ళు, తర్వాత చిన్న బకెట్, అలా. పైపు ఉంటే అసలు గొడవే లేదు. ఆ చేతికి ముల్లు గుచ్చుకోకుండా, కత్తెర తగలకుండా, చీమ కుట్టకుండా పొడుగు గ్లోవ్స్ వేసుకోండి. ఎప్పుడైనా ఆ చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే పసుపు రాసి చూద్దామనుకోవద్దు, అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఎండ కూడా చూసుకోండి, రేడియేషన్ పడిన చర్మం తొందరగా కమిలిపోతుంది, పొద్దున ఎనిమిదిలోపు లేదా సాయంత్రం ఐదు దాటాక పైకి వెళ్ళండి.

వేలికొనల మొద్దు కీమో మందు వల్ల వచ్చి ఉంటుంది. చాలామందికి నెలల మీద తగ్గుతూ వస్తుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది, డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మీకున్న కష్టం నేను ఊహించగలను, తోటకూర విత్తనం చిటికెలో పట్టుకుంటే అది వేళ్ళ మధ్య ఉందో, ఎప్పుడో జారిపోయిందో తెలీదు. గుప్పెడు పొడి ఇసుకలో చెంచాడు విత్తనం కలిపి, ముగ్గు చల్లినట్టు చల్లెయ్యండి. ఇది మీకు తెలియదని కాదు, మీరే ఎవరికో ఎప్పుడో చెప్పి ఉంటారు. ఇప్పుడు మీకోసం చేసుకోండి.

లక్ష్మణఫలం ఆవిడ గురించి. ప్రతి తోటల గ్రూపులో ఒకావిడ ఉంటుంది, అది రాసిపెట్టి ఉంది. సీతాఫలం, రామాఫలం జోలికి ఎవరూ పోరు, కాన్సర్ మాట వింటే మాత్రం లక్ష్మణుడు వచ్చేస్తాడు. ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో పెట్టిన కణాల మీద ఆ ఆకు సారం పనిచేసిందన్నంత వరకు నిజం. మనుషుల్లో కాన్సర్ నయం చేసినట్టు రుజువు లేదు. పైగా ఆ చెట్టులో అనోనాసిన్ అనే పదార్థం ఉంది, అది నరాలకు చెడ్డది. కరీబియన్‌లో గ్వాడెలూప్ అనే దీవిలో ఆ పండు, ఆ ఆకు టీ బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్‌లాంటి వణుకు జబ్బు ఎక్కువగా కనిపించడంతో దాన్ని అనుమానించారు. కీమోతో ఇప్పటికే నరాలు దెబ్బతిని వేళ్ళు మొద్దుబారిన మనిషి ఆ కషాయం తాగడమేమిటి? గట్టిగా వద్దనండి. ఎలా అనాలో తెలియకపోతే, "మా డాక్టరు తిట్టాడు, మాత్రతో పడదన్నాడు" అని ఆయన మీద పెట్టెయ్యండి, డాక్టర్లు అందుకే ఉన్నారు. ఆకులు పంపుతూనే ఉంటే కంపోస్టు డబ్బాలో వెయ్యండి. అయితే ఆవిడని దూరం చేసుకోకండి. ఆకులు కోసి, కవర్లో పెట్టి, ఆటో ఖర్చు పెట్టుకుని పంపిస్తోందంటే ఏం చెయ్యాలో తెలియక చేస్తోంది. ఆవిడకి వేరే పని చెప్పండి, పాలకూర విత్తనాలు పంపమనండి, పేనుబంకకి పుల్లమజ్జిగ పట్టుకు రమ్మనండి.

డాబా ఎక్కే మొదటిరోజు అందరినీ పిలవకండి. నలుగురిలో మొహం చూసి గొల్లుమనని మనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది, ఆవిడ ఒక్కదాన్ని సాయంత్రం రమ్మనండి. పది నిమిషాలు ఉండి దిగిపొండి. జుట్టు ఇంకా వేలెడే ఉంటుంది, చూస్తారు, చూడనీయండి. 'ఎలా ఉన్నావు' అని అడిగితే 'ఉన్నాను, నీ కాకరపాదు కాసిందా' అని ఎదురు ప్రశ్న వెయ్యండి. ఆ ఒక్క ప్రశ్నతో వాళ్ళకీ ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే ఇన్నాళ్ళూ మీతో ఏం మాట్లాడాలో తెలియక వాళ్ళూ టెన్షన్ పడుతూనే ఉన్నారు. నీరసం ఒక్కరోజులో పోదు, నెలలు పడుతుంది. కానీ దానికి పడుకోవడం మందు కాదు, కాస్త కాస్త కదలడమే మందని కాన్సర్ డాక్టర్లే చెబుతున్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు కాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళకి తలొక తోటపని నేర్చినవాళ్ళని జతచేశారు, ఏడాదిపాటు ఇంటికి వచ్చి, కూరగాయలు పెంచడం పక్కనుండి చూపించేవాళ్ళు. అలా చేసినవాళ్ళ ఒంట్లో సత్తువ మెరుగుపడిందని రాశారు. అక్కడ కాగితాలు, సంతకాలు, పరిశోధన నిధులు పెట్టి ఏర్పాటు చేసింది మీకు రాజమండ్రిలో నలుగురు ఆడవాళ్ళు ఆటో ఖర్చులతో చేసిపెట్టారు.

సంక్రాంతికి ఉంటానో లేనో అన్నారు. దీనికి నా దగ్గర తేలికపాటి జవాబు లేదు, ఉంటారని నేను రాసివ్వలేను. మంచం మీదున్నప్పుడు నాకూ అదే అనిపించేది. అయితే సంక్రాంతి దాకా ఆలోచించే పంటే ఎందుకు వెయ్యాలి? మెంతులు చల్లితే రెండు వారాల్లో పప్పులోకి వస్తాయి. తోటకూర నెల తిరక్కుండా కోసుకోవచ్చు. ఒక కుండీ, ఒక చల్లడం, అంతే. పాదు చిక్కుడు వాళ్ళు వేసే ఉంటారు, అది మీరు చూసినా చూడకపోయినా పందిరెక్కుతూనే ఉంటుంది. ఒకవేళ రెండు మూడు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించక, బతకడమే దండగ అనిపిస్తుంటే మాత్రం అది తోట తీర్చే సమస్య కాదు. మీ కాన్సర్ డాక్టరుకి ఆ మాట చెప్పండి, దానికీ మందులున్నాయి. టెలి మానస్ అని ప్రభుత్వం వారి ఫోన్ ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

భరిణెల మాట. కొనాలని ముచ్చటగా ఉంటే ఏ వరలక్ష్మీ వ్రతానికో పేరంటం పిలిచి ఇవ్వండి, ఇప్పుడొద్దు. ఇప్పుడిస్తే బిల్లు కట్టేసినట్టుంటుంది, వాళ్ళ మొహాలు ఎలా మాడిపోతాయో నేనిక్కడి నుంచే చూడగలను. మీ గ్రూపులో ఎవరో ఒకరు కూతురి పురిటికి అమెరికా వెళ్ళేవాళ్ళుంటారు, ఉండకపోతే అది తెలుగువాళ్ళ గ్రూపే కాదు. ఆరు నెలలు ఆవిడ తోట ఎవరు చూస్తారు? మీరు బకెట్లు మొయ్యక్కర్లేదు. ఎవరు ఏరోజు నీళ్ళు పొయ్యాలో వంతుల కాగితం మీరు రాయండి, సాయంత్రం ఫోన్ చేసి పోశారా లేదా అని అడగండి, వారానికొకసారి వెళ్ళి ఆకు తిరగేసి పురుగు చూడండి. తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న కన్ను అది, దానికేమీ కాలేదు కదా.

ఇక వంకాయ. తొమ్మిదేళ్ళుగా తోట పెంచుతున్నారు. అమ్మ ఇచ్చిన లంక వంకాయ అంటే ఆ రుచికి ఎంతమంది విత్తనం అడిగి పట్టుకెళ్ళి ఉంటారు? గుర్తు చేసుకోండి. మీరు కవర్లో మడిచి ఇచ్చి ఉంటారు, మర్చిపోయి ఉంటారు, తీసుకున్నవాళ్ళు మర్చిపోరు. మొక్క పీకేసినావిడతో మాట్లాడాక గ్రూపులో రెండు ముక్కలు పెట్టండి: 'నా ముళ్ళ వంకాయ విత్తనం ఎవరి దగ్గరైనా ఉందా? నా దగ్గర అయిపోయింది.' అంతకుమించి ఒక్క ముక్క వద్దు, జబ్బు ఊసు వద్దు, థాంక్యూలు వద్దు. విత్తనం పోయిందని తోటవాళ్ళు తోటవాళ్ళని అడిగినట్టు అడగండి. కడియం అవతల ఎవరి పెరట్లోనో, ఎవరి వంటింటి డబ్బాలోనో బూడిదలో కలిపిపెట్టిన గుప్పెడు ఉండే ఉంటుంది. వంగ విత్తనం తడి తగలకుండా దాస్తే మూడు నాలుగేళ్ళైనా మొలుస్తుంది.

వచ్చినదంతా అమ్మ వంకాయే అవుతుందని మాత్రం అనుకోకండి. ఇంకో రకం వంగ పక్కనుంటే తేనెటీగలు ఊరుకోవు, కొంత కలిసిపోయి ఉంటుంది. రెండు ట్రేల్లో నారు పోసి, నెల దాటాక ఏడెనిమిది మొక్కలు కుండీల్లోకి మార్చి, కాయ చూసి, తొడిమ మీద ముల్లు చూసి, మీ నాలుకకి గుర్తున్న రుచి చూసి, అసలుదనిపించిన మొక్కకి దారం కట్టండి. దాని మీద రెండు కాయలు కొయ్యకుండా పసుపురంగు తిరిగేదాకా వదిలెయ్యండి. ఆ విత్తనం ఈసారి ఒక్క డబ్బాలో దాచకుండా అయిదు పొట్లాలు కట్టండి, ఒకటి మీకు, నాలుగు వాళ్ళకి. ముందు ఆ పీకేసినావిడకి ఇవ్వండి. కుండీ మీద ఈసారి పెయింటుతో అమ్మ పేరు రాయించండి. కాయలు కోసేటప్పుడు గ్లోవ్స్ మరిచిపోకండి, వేళ్ళు మొద్దుగా ఉన్నాయి, ముల్లు దిగినా మీకు తెలీదు.